960 కిలోమీటర్లు.. గంటన్నరా? ఆరు నెలలా?

పటాన్‌చెరు: ముంబయి రహదారిని ఆనుకుని ఉన్న ఇక్రిశాట్ ప్రాంగణం సంగారెడ్డి జిల్లా వాసులకు కొత్త కాదు. 1972లో ఆ సంస్థ ఏర్పడింది. అక్కడి జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ రకాలను భద్రపరుస్తున్నారన్న విషయమూ చాలామంది విన్నదే. ఆ విత్తనాల నకళ్లు ఉత్తర ధ్రువానికి సుమారు 1,300 కిలోమీటర్ల దూరాన, ఒక మంచుకొండ గర్భంలో కూడా ఉన్నాయన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. అది నార్వే దేశానికి చెందిన స్వాల్‌బార్డ్ ద్వీపసమూహం. విత్తన భాండాగారం ఉన్న ఆ కొండ పాదంలోనే లాంగియర్‌బ్యెన్ విమానాశ్రయం ఉంది. క్రమం తప్పకుండా ప్రయాణికుల విమానాలు నడిచే విమానాశ్రయాల్లో ప్రపంచంలోకెల్లా ఉత్తరాన ఉన్నది ఇదే.

పటాన్‌చెరు నుంచి అక్కడికి ఆకాశంలో తిన్నగా గీత గీస్తే దాదాపు 7,500 కిలోమీటర్లు. అయితే అలా నేరుగా వెళ్లే విమానం లేదు. గల్ఫ్‌లోనో ఐరోపాలోనో విమానం మారి ముందు నార్వే చేరాలి. అక్కడి నుంచి చివరి మజిలీ ప్రారంభమవుతుంది. నార్వే ప్రధాన భూభాగంలో ఉత్తరాన ఉన్న ట్రోమ్సో పట్టణం నుంచి సముద్రం మీదుగా లాంగియర్‌బ్యెన్‌కు చేరడమే ఆ మజిలీ. దూరం ఎంత? ఎంతసేపు పడుతుంది? అడగడానికి చిన్న ప్రశ్నలే. మొదటిదానికి స్కూలు అట్లాసు చూసి జవాబు చెప్పవచ్చు. రెండోదానికి జవాబు చెప్పేముందు అక్కడి వైమానిక సిబ్బంది కూడా ఒకసారి ఆకాశంకేసి చూస్తారు.

పటాన్ని నమ్మితే మోసమే..

ముందు దూరం సంగతి చూద్దాం. గోడలకు వేలాడే ప్రపంచ పటాల్లో చాలావరకు మెర్కేటర్ పద్ధతిలో గీసినవే. గుండ్రని భూమిని చదునుగా పరిచే క్రమంలో ఆ పద్ధతి ధ్రువాలవైపు ఉన్న ప్రాంతాలను విపరీతంగా సాగదీస్తుంది. అటువంటి పటంపై స్కేలు పెట్టి ట్రోమ్సో, లాంగియర్‌బ్యెన్‌ల మధ్య కొలిస్తే.. కన్యాకుమారి నుంచి కశ్మీర్ ఉత్తరపు కొస దాకా ఎంత పొడవు వస్తుందో దాదాపు అంతే వస్తుంది. మన దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి 3,214 కిలోమీటర్లు. ట్రోమ్సో-లాంగియర్‌బ్యెన్ అసలు దూరం సుమారు 960 కిలోమీటర్లు మాత్రమే. హైదరాబాద్ నుంచి దిల్లీకి ఉన్న ఆకాశ దూరం కంటే ఇది తక్కువ!

ఈ లెక్కకు కంప్యూటరు అక్కర్లేదు. పదో తరగతి గణితం చాలు. ట్రోమ్సో విమానాశ్రయం 69.68 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై, లాంగియర్‌బ్యెన్ 78.25 డిగ్రీలపై ఉన్నాయి. తేడా సుమారు ఎనిమిదిన్నర డిగ్రీలు. ఒక్కో అక్షాంశ డిగ్రీకి ఆ ప్రాంతంలో 111.5 కిలోమీటర్లు వేసుకుంటే 955 కిలోమీటర్లు. ఇక రేఖాంశాల్లో తేడా మూడున్నర డిగ్రీల లోపే. హైదరాబాద్ దగ్గర ఒక్కో రేఖాంశ డిగ్రీ వెడల్పు 106 కిలోమీటర్లుంటే, ధ్రువంవైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలన్నీ దగ్గరవుతాయి. కనుక 74వ అక్షాంశం దగ్గర ఆ వెడల్పు 31 కిలోమీటర్లకు పడిపోతుంది. అంటే పక్కకు జరగాల్సింది 106 కిలోమీటర్లే. నిలువు 955, అడ్డం 106.. పైథాగరస్ సూత్రం ప్రకారం కర్ణం 961. భూమి గుండ్రదనాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకుని చేసే గణనలోనూ వచ్చేది ఇంచుమించు ఇంతే. విమానం దాదాపు తిన్నగా ఉత్తరానికే పోతుంది కాబట్టి ఈ చిన్న లెక్క తప్పదు. ఉపాధ్యాయులు తరగతిలో చేయించదగిన లెక్క ఇది.

వంద నిమిషాలు ఎలాగంటే..

ఈ మార్గంలో బోయింగ్ 737 తరగతి జెట్ విమానాలు తిరుగుతాయి. పూర్తి ఎత్తుకు చేరాక వాటి వేగం గంటకు 800 కిలోమీటర్లకు అటూఇటూ. ఆ వేగంతో 960 కిలోమీటర్లకు పట్టేది 72 నిమిషాలు. అయితే విమానం లేచిన మరుక్షణమే ఆ వేగం అందుకోదు. నేలపై రన్‌వే దాకా నడవాలి, పైకెక్కాలి, మళ్లీ నెమ్మదిగా కిందకు దిగాలి, కొండల మధ్య వరుస సరిచూసుకోవాలి. వీటన్నింటికీ మరో పాతిక నిమిషాలు కలుస్తాయి. అందుకే వేళల పట్టికలో గంటా 35 నుంచి గంటా 40 నిమిషాలు చూపుతారు. ఓస్లో నుంచి నేరుగా వచ్చే విమానమైతే సుమారు 2,000 కిలోమీటర్లకు మూడు గంటలకు కొంచెం తక్కువ పడుతుంది.

ఎదురుగాలి వీస్తే? గంటకు వంద కిలోమీటర్ల గాలి ముక్కుమీద కొట్టినా, విమానం గంటకు 700 కిలోమీటర్లు ముందుకు సాగుతుంది. అప్పుడు 72 నిమిషాల ప్రయాణం 82 నిమిషాలవుతుంది. అంటే అంత పెద్ద గాలి ఖరీదు పది నిమిషాలు! ఆ మార్గంలో ప్రయాణాన్ని తారుమారు చేసేది దారిలోని గాలి కాదు. గమ్యం దగ్గర కమ్మే పొగమంచు, రన్‌వేకు అడ్డంగా వీచే గాలి, విడవకుండా కురిసే మంచు.. ఇవే అసలు చిక్కు. వీటివల్ల పోయేది పది నిమిషాలు కాదు, ఒక పూట. ఒక్కోసారి ఒక రోజు. మరీ అయితే రెండు రోజులు.

దిగలేకపోతే ఎక్కడికి?

హైదరాబాద్‌లో దిగాల్సిన విమానానికి వాతావరణం అనుకూలించకపోతే బెంగళూరుకో, విజయవాడకో, చెన్నైకో మళ్లిస్తారు. గంటలోపే ఏదో ఒక రన్‌వే దొరుకుతుంది. లాంగియర్‌బ్యెన్‌కు ఆ సౌకర్యం లేదు. చుట్టూ సముద్రం, హిమానీనదాలు. 61 వేల చదరపు కిలోమీటర్ల స్వాల్‌బార్డ్‌లో దాదాపు అరవై శాతం మంచు కిందే ఉంది. అంత విస్తీర్ణంలోనూ జెట్ విమానం దిగడానికి అనువైన రెండో ప్రయాణికుల రన్‌వే లేదు. కాబట్టి దిగడం కుదరకపోతే వెనక్కి.. మళ్లీ 960 కిలోమీటర్లు ఎగిరి ప్రధాన భూభాగానికే చేరాలి.

ఎక్కడికి వెళ్లే విమానమైనా గమ్యానికి సరిపడా ఇంధనంతో పాటు ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి చేరేంత, ఆపైన జెట్‌కు మరో అరగంట గాలిలో చక్కర్లు కొట్టేంత ఇంధనం మోసుకుపోవాలన్నది పౌర విమానయానంలో అంతర్జాతీయ నిబంధన. మామూలు మార్గాల్లో ప్రత్యామ్నాయం దగ్గర్లోనే ఉంటుంది కనుక అదనపు బరువు స్వల్పం. ఇక్కడ ప్రత్యామ్నాయమంటే బయలుదేరిన చోటే! గంటన్నర ప్రయాణానికి మూడున్నర గంటలు ఎగరగలిగేంత సరంజామాతో విమానం లేవాలి. బోయింగ్ 737 గంటకు రెండున్నర టన్నుల వరకు ఇంధనం తాగుతుందనుకుంటే, తిరుగు దారి కోసం మోసేదే నాలుగు టన్నుల దాకా తేలుతుంది. రూపాయి పని చేయడానికి రెండు రూపాయలు వెంట తీసుకుపోవడం లాంటిదే ఇది. అయినా తప్పదు.

ప్రయాణికుల కోణంలో చూస్తే దీని అర్థం వేరు. ట్రోమ్సోలో ఎక్కి, గంటన్నర ఎగిరి, మేఘాల పైనుంచి కొండ శిఖరాలను చూసి, కాసేపు చక్కర్లు కొట్టి, ఇంకో గంటన్నరలో మళ్లీ ట్రోమ్సోలోనే దిగవచ్చు. దాదాపు రెండు వేల కిలోమీటర్లు తిరిగినా చేరింది బయలుదేరిన చోటికే. పటంపై దూరం మారలేదు, టికెట్టుపై వేళ మారలేదు, మారింది ఆకాశం ఒక్కటే.

విమానం రాక ముందు..

ఇదే దూరానికి ఒకప్పుడు ఆరు నెలలు పట్టేదంటే ఈ తరం నమ్మదు. బొగ్గు గనుల కోసం 1906లో అమెరికా వ్యాపారి జాన్ మన్రో లాంగియర్ సంస్థ ఈ ఊరికి పునాది వేసింది. నార్వే భాషలో బ్యెన్ అంటే పట్టణం. మన వాడుకలో చెప్పాలంటే ‘లాంగియర్‌పురం’. శరదృతువు చివర్లో సముద్రం గడ్డకట్టడం మొదలైతే ఆఖరి ఓడ వెళ్లిపోయేది. మళ్లీ మే నెల వచ్చేదాకా రాకపోకలు బంద్. ఆ నడుమ జబ్బుచేసినా, ఇంట్లో ఎవరైనా పోయినా, చేయగలిగింది ఏమీ లేదు. శీతకాలంలో అప్పుడప్పుడు సైనిక విమానం వచ్చి ఉత్తరాల సంచులను పైనుంచే జారవిడిచి వెళ్లేది. 1959 నుంచి అడ్వెంట్ లోయలో గడ్డకట్టిన చదును నేలపై విమానాలు దిగడం మొదలైంది. అదీ చలికాలంలోనే. వేసవిలో నేల కరిగి బురదయితే అదీ లేదు.

శాశ్వత విమానాశ్రయం కట్టడానికి అడ్డొచ్చింది సాంకేతిక సమస్య ఒక్కటే కాదు. 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో కుదిరిన స్వాల్‌బార్డ్ ఒప్పందం ఆ దీవులపై నార్వే సార్వభౌమత్వాన్ని గుర్తించింది. అదే సమయంలో అక్కడ సైనిక స్థావరాలు, కోటలు కట్టరాదని, యుద్ధ ప్రయోజనాలకు వాడరాదని షరతు పెట్టింది. తొలుత సంతకాలు చేసిన పక్షాల్లో నాటి బ్రిటిష్ ఇండియా కూడా ఉందన్నది మనం గుర్తుంచుకోదగిన విషయం. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో నార్వే నాటో కూటమి సభ్యదేశం. స్వాల్‌బార్డ్‌లో సోవియట్ యూనియన్‌కు బారెంట్స్‌బర్గ్, పిరమిడెన్ అనే గని పట్టణాలున్నాయి. రన్‌వే కడితే రేపు యుద్ధ విమానాలు దిగవని హామీ ఏమిటన్నది మాస్కో అనుమానం. ఇరు దేశాల మధ్య అవగాహన కుదిరాకే పని ముందుకు సాగింది. 1975లో విమానాశ్రయం ప్రారంభమైంది. సెప్టెంబరు 2న రాజు ఐదో ఓలావ్ లాంఛనంగా దాన్ని ప్రారంభించారు. సోవియట్ విమానాలకూ అక్కడ దిగే వీలు కల్పించారు. ఆరు నెలల ఎదురుచూపు అలా వంద నిమిషాలకు తగ్గింది.

ఓపెరా కొండపై ఆ ఉదయం

ఆ వంద నిమిషాల్లో చివరి పది నిమిషాలే అత్యంత కీలకం. విమానాశ్రయం ఒకవైపు సముద్రపు పాయకు, మరోవైపు నిటారు కొండలకు మధ్య ఇరుకు జాగాలో ఉంది. తూర్పు దిక్కు నుంచి దిగే విమానాలు కొండల నడుమ లోయ మీదుగా రావాలి.

1996 ఆగస్టు 29న మాస్కోలోని వ్నుకోవో నుంచి ఒక టుపొలెవ్-154 విమానం బయలుదేరింది. అందులో ఉన్నవారు ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్ గని కార్మికులు, వారి కుటుంబసభ్యులు. బారెంట్స్‌బర్గ్, పిరమిడెన్‌లలో పనికి వెళ్తున్నారు. ఆకాశం మేఘావృతమై ఉంది. రన్‌వే వైపు దారి చూపే రేడియో సంకేతం అప్పట్లో రన్‌వే మధ్యరేఖతో కలవకుండా కొంత కోణంలో ఉండేది. ఆ తేడాను సరిగా పట్టుకోలేక సిబ్బంది మార్గం తప్పారు. ఉండాల్సిన గీతకు 3.7 కిలోమీటర్లు కుడివైపుకు జరిగిపోయారు. విమానాశ్రయానికి 14 కిలోమీటర్ల దూరంలో ఓపెరా కొండ శిఖరానికి విమానం ఢీకొంది. ఇంకో మూడు నాలుగు నిమిషాల్లో నేలపై ఉండాల్సినవారు. 130 మంది ప్రయాణికులు, 11 మంది సిబ్బంది.. మొత్తం 141 మందిలో ఒక్కరూ మిగలలేదు. నార్వే గడ్డపై జరిగిన విమాన ప్రమాదాల్లో అంతటి ప్రాణనష్టం మరొకటి లేదు.

కొన్ని వందల మంది మాత్రమే నివసించే గని పట్టణాలకు అది కోలుకోలేని దెబ్బ. పిరమిడెన్‌లో 1998లో బొగ్గు తవ్వకం నిలిచిపోయింది. నేడు అదొక జనంలేని పట్టణం. విమానం గాలిలోనే చక్కర్లు కొట్టి వెనక్కి మళ్లిందని విసుక్కునే ప్రయాణికుడికి పైలట్లు ఈ కథ చెప్పరు. కానీ ఆ దారిలో ఎగిరే ప్రతి పైలట్‌కూ ఇది తెలుసు.

రన్‌వే కింద కరుగుతున్న నేల

మన దగ్గర రోడ్డు వేసేముందు మట్టి గట్టిదనం చూస్తారు. అక్కడ మంచు గట్టిదనం చూడాలి. స్వాల్‌బార్డ్ నేల లోతుల దాకా ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. పైపొర మాత్రం వేసవిలో కరిగి, చలికాలంలో మళ్లీ గడ్డకడుతుంది. నీరు గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది, కరిగినప్పుడు కుంగుతుంది. దాంతో రన్‌వే ఒకచోట లేచి, మరోచోట దిగి అలల్లా తయారవుతుంది. నిర్మించిన నాటి నుంచి ఈ బెడద ఉంది. మరమ్మతులు పలుమార్లు జరిగాయి. ఇటీవలి కాలంలో ఉష్ణోగ్రతలు పెరగడంతో కరిగే పొర మందం పెరుగుతోంది. వేసవిలో రన్‌వే ఎత్తుపల్లాలను తరచూ పరిశీలించక తప్పని పరిస్థితి ఏర్పడింది. విమానం కాలానికి వచ్చినా నేల సిద్ధంగా ఉండాలి కదా!

ఇదే ముప్పు కొండపైనున్న విత్తన భాండాగారాన్నీ తాకింది. 2016 శరత్కాలంలో ప్రవేశ సొరంగంలోకి నీరు చేరింది. విత్తనాలున్న గదుల దాకా రాలేదు. తర్వాత ఆ సొరంగాన్ని పటిష్ఠం చేశారు.

మరో 110 కిలోమీటర్లు.. మన హిమాద్రికి

ట్రోమ్సో నుంచి లాంగియర్‌బ్యెన్ చేరిన భారత శాస్త్రవేత్తలకు ప్రయాణం అక్కడితో అయిపోదు. మన దేశపు ఆర్కిటిక్ పరిశోధన కేంద్రం ‘హిమాద్రి’ ఉన్నది ఇంకా ఉత్తరాన, న్యూ-ఓలెసుండ్ అనే చిన్న పరిశోధక గ్రామంలో. 2007 ఆగస్టులో మన తొలి ఆర్కిటిక్ యాత్ర అక్కడికి వెళ్లింది. 2008 జులై 1న హిమాద్రి ప్రారంభమైంది. గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం దీని బాగోగులు చూస్తుంది.

లాంగియర్‌బ్యెన్ నుంచి న్యూ-ఓలెసుండ్ విమాన పట్టీకి తిన్నని దూరం సుమారు 110 కిలోమీటర్లు. ముందు చేసిన లెక్కనే ఇక్కడా చేసి చూడవచ్చు. అక్షాంశంలో తేడా 0.68 డిగ్రీ, అంటే 76 కిలోమీటర్లు. రేఖాంశంలో తేడా 3.6 డిగ్రీలు. మన హైదరాబాద్ దగ్గరైతే ఆ మూడున్నర డిగ్రీలకు 380 కిలోమీటర్లు దాటేవి. 78వ అక్షాంశం దాటాక ఒక్కో డిగ్రీ 22 కిలోమీటర్లే కనుక 79 కిలోమీటర్లతో సరి. పాతిక నిమిషాల్లో చేరిపోవచ్చు.

అయితే ఈ రెండు ఊళ్ల మధ్య రోడ్డు లేదు. నిజానికి స్వాల్‌బార్డ్‌లో ఏ ఊరికీ మరో ఊరితో రోడ్డు లేదు. వేసవిలో ఓడలో వెళ్లవచ్చు. అది సముద్రపు పాయలోంచి బయటకు వచ్చి, పశ్చిమ తీరం వెంబడి చుట్టుతిరిగి గంటల తరబడి సాగే ప్రయాణం. లేదంటే చిన్న విమానమే గతి. ఈ మార్గంలో చాలాకాలంగా తిరుగుతున్నవి రెండు పంఖాల డోర్నియర్ 228 విమానాలు. ఇదే రకం విమానాలను మన హెచ్‌ఏఎల్ కాన్పూరులో తయారు చేస్తోంది. అవి దిగేది సుమారు 800 మీటర్ల పొడవున్న కంకర రన్‌వేపై. పెద్ద విమానాశ్రయాల హంగులేవీ అక్కడ ఉండవు. వారంలో కొన్ని సర్వీసులే ఉంటాయి. అవి కూడా సాధారణ ప్రయాణికులకు టికెట్లమ్మేవి కావు. గ్రామాన్ని నిర్వహించే సంస్థ ఏర్పాటుచేసే విమానాల్లో పరిశోధకులకు, సిబ్బందికి ముందుగా చోటు కేటాయిస్తారు. సామాను బరువుకు కచ్చితమైన హద్దు ఉంటుంది. పాతిక నిమిషాల ఆ విమానం ఒకపూట రద్దయితే తర్వాతి సర్వీసు దాకా ఆగాల్సిందే. సముద్రంలో పరికరాలు దింపడానికి కుదిరిన ముహూర్తం ఈలోగా దాటిపోవచ్చు.

2023 డిసెంబరులో హిమాద్రిలో శీతకాల పరిశోధన కూడా మొదలైంది. అంతకుముందు మనవాళ్లు ఎక్కువగా వేసవి నెలలకే పరిమితమయ్యేవారు. శీతకాలమంటే అక్కడ చలి ఒక్కటే కాదు, చీకటి కూడా. లాంగియర్‌బ్యెన్‌లో అక్టోబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సూర్యుడు క్షితిజం పైకి రాడు. ట్రోమ్సోలో ఆ చీకటి కాలం నవంబరు చివర్లో గానీ మొదలుకాదు. కనుక నవంబరు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం ట్రోమ్సోలో ఎండ చూస్తూ విమానమెక్కినవారు, గంటన్నర తర్వాత సూర్యుడు కనిపించని లాంగియర్‌బ్యెన్‌లో దిగుతారు. గడియారంలో మార్పేమీ ఉండదు, రెండు చోట్లా ఒకటే సమయం. గంటన్నరలో ఒక రుతువు దాటిపోయినట్లుంటుంది.

న్యూ-ఓలెసుండ్‌లో దిగాక ఇంకో విచిత్రం. మామూలుగా విమానం దిగగానే అందరి చేతులూ ఫోన్లవైపు వెళ్తాయి. ఇక్కడ దిగాక కూడా ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లోనే ఉంచాలి. వైఫై, బ్లూటూత్ నిషిద్ధం. సుదూర అంతరిక్షం నుంచి వచ్చే అతి బలహీనమైన రేడియో తరంగాలను అక్కడి యాంటెన్నాలు పట్టుకుంటాయి. మన జేబులోని ఫోను వాటికి పెద్ద రొద. ఊరి అంచున ఒక ఇనుప స్తంభం ఇప్పటికీ నిలిచి ఉంది. 1926 మే 11న అముండ్‌సెన్, నోబిలె, ఎల్స్‌వర్త్ బృందం 16 మందితో ‘నోర్గె’ అనే గాలినౌకలో బయలుదేరింది ఈ ఊరి నుంచే. ఆ గాలినౌకను కట్టింది ఆ స్తంభానికే. మర్నాడు ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరి, 14వ తేదీన అలాస్కాలో దిగారు.

వెళ్లేవారికి ఓ మాట

ధ్రువ పరిశోధనపై ఆసక్తి ఉన్న మన విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఈ మార్గంలో ఒక చిక్కును ముందే తెలుసుకోవాలి. స్వాల్‌బార్డ్‌లో అడుగుపెట్టడానికి ఏ దేశస్థులకూ వీసా అక్కర్లేదు. విని సంబరపడేలోపే మరో మెలిక. అక్కడికి వెళ్లాలంటే నార్వే మీదుగానే పోవాలి. నార్వేకు షెంగెన్ వీసా కావాలి. స్వాల్‌బార్డ్ ఆ షెంగెన్ పరిధిలో లేదు. కాబట్టి లాంగియర్‌బ్యెన్‌కు వెళ్లడమంటే షెంగెన్ నుంచి బయటకు వెళ్లినట్లు లెక్క, తిరిగిరావడం రెండోసారి ప్రవేశించినట్లు లెక్క. ఒక్కసారి ప్రవేశానికే చెల్లే వీసాతో వెళ్లినవారు తిరుగు ప్రయాణంలో ఇరుక్కుపోతారు. రెండుసార్లు ప్రవేశానికి వీలున్న వీసా తీసుకోవాలి. ఓస్లోలో ఎక్కి ట్రోమ్సో మీదుగా వెళ్లే విమానంలోనైతే ప్రయాణికులంతా ట్రోమ్సోలో దిగి, పాస్‌పోర్టు చూపి, మళ్లీ అదే విమానం ఎక్కాలి. ఈ తతంగానికి పట్టే సమయం గంటన్నర లెక్కలో కలవదు. తిరుగు ప్రయాణంలో ఓస్లో నుంచి మన దేశానికి వచ్చే విమానాన్ని అదే రోజుకు పెట్టుకోవడం అంత మంచిది కాదు. కనీసం ఒక రోజు వ్యవధి ఉంచుకోవడం మేలు.

ఇక పటాన్‌చెరు విత్తనాల సంగతి. 2008 ఫిబ్రవరి 26న తెరిచిన ఆ భాండాగారంలో నేడు ప్రపంచవ్యాప్తంగా వచ్చిన 13 లక్షలకు పైగా నమూనాలున్నాయి. గాలి చొరబడని రేకు సంచుల్లో, పెట్టెల్లో సర్ది పంపిన విత్తనాలను విమానాశ్రయంలో ఎక్స్‌రే యంత్రంలో తనిఖీ చేస్తారు. అక్కడి నుంచి కొండపైకి వాహనంలో కొద్ది నిమిషాలే. లోపల మైనస్ 18 డిగ్రీల చలి. అయితే ఆ ఇనుప తలుపు ఏడాదిలో కొన్నిసార్లే తెరుచుకుంటుంది. అందుకని విత్తనాలు వాటి వంతు వచ్చేదాకా బయలుదేరనే బయలుదేరవు.

ఆ కొండలోంచి విత్తనాలు తొలిసారి వెనక్కి వెళ్లింది 2015లో. సిరియా యుద్ధంలో అలెప్పో సమీపంలోని ఇకార్డా పరిశోధన సంస్థ తన జన్యుబ్యాంకుకు దూరమైంది. గోధుమ, బార్లీ, శనగ, సిరిశనగ వంటి పంటల నకళ్లను స్వాల్‌బార్డ్ నుంచి రప్పించుకుంది. లెబనాన్, మొరాకోలలోని పొలాల్లో వాటిని వేసి, పండించి, పెంచిన విత్తనాల్లోంచి మళ్లీ కొత్త నకళ్లను 2017లో అదే కొండకు పంపింది.